హామ్ హాక్స్: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి, గోంగూరలో ఎలా వేయాలి

ముందు మార్కులు చెప్పేస్తాను, తీరిక లేనివాళ్ళు ఇక్కడితో వెళ్ళిపోవచ్చు. సూపర్‌మార్కెట్ ప్యాకెట్లో వచ్చే స్మోక్డ్ హామ్ హాక్స్‌కి, అంటే పొగబెట్టిన పంది కాలి కీలు ముక్కలకి, అయిదుకి రెండున్నర. సొంతంగా పొగబెట్టే చిన్న మాంసం కొట్లో కొన్నవాటికి నాలుగున్నర. ఆ అర మార్కు ఉప్పుకి కోసేశాను. పొగబెట్టని పచ్చి హాక్స్ అసలు వేరే సరుకు, వాటిని ఈ లెక్కలో కలపను.

నేనుండేది అమెరికాలో నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో. పుట్టి పెరిగింది ఖమ్మంలో. మా ఇంట్లో కోడి, మేక, చేప, రొయ్య అన్నీ వండేవాళ్ళు గానీ పంది మాంసం గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ఇప్పటికీ వీడియో కాల్‌లో అమ్మ "స్టవ్ మీద ఏంటే అది?" అని అడిగితే "బొబ్బర్లమ్మా" అంటాను. అబద్ధమేం కాదు, బొబ్బర్లు కూడా ఉంటాయి అందులో. నాకు ఈ రుచి అంటించింది మా ల్యాబ్‌లో నాతో పాటు పనిచేసే పెద్దావిడ. తరతరాలుగా ఈ రాష్ట్రం తూర్పు వైపు బతికిన నల్లజాతి కుటుంబం వాళ్ళది. ఆవిడ మధ్యాహ్నం మైక్రోవేవ్‌లో కాలర్డ్స్ (క్యాబేజీ జాతి ఆకుకూర) కూర వేడి చేసుకుంటే బ్రేక్ రూమ్ అంతా కట్టెల పొయ్యి వాసన. "ఇందులో ఏం వేస్తారు?" అని అడిగితే ఆవిడ నా వైపు జాలిగా చూసి, "హాక్ వేయకుండా ఆకుకూర ఎవరు వండుతారు?" అన్నారు.

హాక్ అంటే పంది కాలి గిట్టకి పైన, తొడకి కింద ఉండే కీలు ముక్క. గిట్టతో ఉన్న పాదం వేరు, దాన్ని ఇక్కడ ట్రాటర్ అంటారు. హాక్‌లో పైన మందంగా తోలు, దాని కింద కొవ్వు, మధ్యలో ఎముకలు, వాటిని పట్టుకుని నరాలు, ఈ సందుల్లో కాస్త కండ. ఉప్పు, చక్కెర, నైట్రైట్ (మాంసం చెడకుండా, ఎర్రగా ఉండటానికి వేసే లవణం) కలిపిన నీళ్ళలో ఊరబెట్టి, ఆ తర్వాత పొగబెడతారు. హామ్ అనే మాట లేబుల్ మీద ఉంటే అది వెనక కాలిది. ఉత్త "పోర్క్ హాక్స్" అని రాసి ఉంటే ముందు కాలిది కూడా కావచ్చు. రుచిలో నాకు పెద్ద తేడా తెలియలేదు గానీ వెనక కాలి ముక్కల్లో కండ కాస్త ఎక్కువ ఉన్నట్టనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. దీన్ని కండ కోసం కొంటే ఏడుపే మిగులుతుంది. పౌండుకి మూడు డాలర్ల చిల్లర పెట్టి రెండు పౌండ్లు తెచ్చి, ఉడికించి, ఎముకా తోలూ కొవ్వూ తీసేస్తే చేతికొచ్చేది ఒకటి రెండు గుప్పెళ్ళు. ఆన్‌లైన్‌లో "అంతా ఎముకే, మోసం" అని ఒక్క స్టార్ ఇచ్చిన రివ్యూలన్నీ ఇలా కొన్నవాళ్ళవే. హాక్‌ని కొనేది అది ఉడికిన నీళ్ళ కోసం. తోలులోనూ నరాల్లోనూ ఉన్న కొల్లాజెన్ గంటల తరబడి సన్నమంట మీద కరిగి జెలటిన్ అవుతుంది, పొగా ఉప్పూ నీళ్ళలోకి దిగుతాయి. ఆ నీళ్ళలో ఏ పప్పు గింజ వేసినా, ఏ ఆకు వేసినా దాని తీరే మారిపోతుంది. హైదరాబాద్‌లో పొద్దున్నే నాన్‌తో తినే పాయా రసంలాగా పెదాలు అతుక్కుంటాయి. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి గడ్డకడుతుంది. గిన్నె ఒంచినా జారదు. అలా గడ్డకట్టకపోతే నీళ్ళు ఎక్కువ పోశారని, లేదా దించడానికి తొందరపడ్డారని లెక్క.

ఈ కిటుకు కనిపెట్టింది హోటళ్ళ షెఫ్‌లు కాదు. బానిసత్వం నాటి అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో మంచి హామ్ (వెనక తొడ మాంసం) యజమాని బల్ల మీదకి పోతే కాళ్ళు, చెవులు, దవడలు, మెడ ఎముకలు బానిసల వాటాకి వచ్చేవి. వాటితో కాలర్డ్స్, టర్నిప్ ఆకు, బొబ్బర్లు వండుకుని బతికారు. బొబ్బర్లు కూడా పశ్చిమ ఆఫ్రికా నించి ఆ బానిస వ్యాపారం దారిలోనే అమెరికా చేరాయి. ఆకుకూర ఉడికిన రసాన్ని వీళ్ళు పాట్ లికర్ అంటారు, కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్న పిండి రొట్టె) అందులో ముంచుకుని తింటారు. జనవరి 1న బొబ్బర్లు, కాలర్డ్స్ తింటే ఏడాదంతా చేతిలో డబ్బులాడతాయని నమ్మకం. గింజలు చిల్లర నాణేలట, ఆకులు నోట్లట. మా ఆయనకి ఈ నమ్మకం మాత్రం వెంటనే నచ్చేసింది.

ఇది పేదల తిండే అనుకుంటే వాషింగ్టన్‌లో అమెరికా సెనెట్ వాళ్ళ రెస్టారెంట్ మెనూలో రోజూ ఉండే బీన్ సూప్ సంగతి చూడండి. సెనెట్ వాళ్ళే చెప్పే రెసిపీలో రెండు పౌండ్ల నేవీ బీన్స్‌కి (చిన్న తెల్ల చిక్కుడు గింజలు) ఒకటిన్నర పౌండ్ల స్మోక్డ్ హామ్ హాక్స్, ఒక ఉల్లిపాయ, కాస్త వెన్న, ఉప్పు, మిరియాలు. అంతే. మసాలా పేరెత్తరు. అది చదివాకే నాకు ధైర్యం వచ్చి ధనియాల పొడి డబ్బా పక్కన పెట్టాను.

సూపర్‌మార్కెట్ ప్యాకెట్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే అందరికీ ముందు దొరికేది అదే. ఏ చెయిన్ అని పేరు చెప్పను, దాదాపు అన్నిట్లోనూ ఇదే వరస. గట్టి ప్లాస్టిక్‌లో గాలి తీసేసి రెండో మూడో ముక్కలు పెడతారు. తోలు వైపు పైకి, కోసిన వైపు కిందకి. కాబట్టి ప్యాకెట్ తిప్పి చూడటం మొదటి పని. కోసిన మొహం మీద ఎర్రటి కండ గుండ్రంగా కనపడాలి. తెల్లటి కొవ్వు, మధ్యలో ఎముక మాత్రమే కనిపిస్తే అది పాదానికి దగ్గర ముక్క, వదిలేయండి. రెండో పని, మూల పట్టుకుని ఎత్తి చూడటం. అడుగున గులాబీ రంగు నీళ్ళు చేరి ఉంటే మీరు ఉప్పునీళ్ళకి కూడా పౌండు లెక్కన డబ్బు కడుతున్నట్టు.

మూడోది లేబుల్. పదార్థాల వరసలో "స్మోక్ ఫ్లేవరింగ్" అని ఉంటే పొగ కొంతవరకో పూర్తిగానో సీసాలోంచి వచ్చిందన్నమాట. నేను ఒకసారి అలాంటిదే తెచ్చాను. కవర్ కత్తిరించగానే ముక్కుకి కొట్టింది చూడండి, కాలిన ప్లాస్టిక్‌కి చక్కెర పూసినట్టు ఒక వాసన. ఉడికాక నీళ్ళు ఉప్పగా, రంగుగా వచ్చాయి గానీ పొగ రుచి నాలుక చివర మాత్రమే తగిలి మాయమైంది. ఆ రోజు కాలర్డ్స్ కట్టలు రెండు దండగ. ఇంకొకటి, "అన్‌క్యూర్డ్" (విడిగా నైట్రైట్ కలపలేదని) అన్న బోర్డు చూసి రెండు డాలర్లు ఎక్కువ పెట్టకండి. వాటిలో చాలావరకు సెలరీ పొడి వాడతారు, నైట్రైట్ దాంట్లోంచే వస్తుంది. డొంకతిరుగుడు దారిలో అదే ఊరికి చేరటం.

ఇన్ని అన్నా రెండున్నర ఎందుకిచ్చానంటే, మంగళవారం సాయంత్రం ఆఫీసు నించి వస్తూ దొరికేది ఇదే కాబట్టి. "హికరీ స్మోక్డ్" (హికరీ చెట్టు కట్టెలతో పొగబెట్టినది) అని ఉండి, ఫ్లేవరింగ్ మాట లేని ప్యాకెట్ ఏరుకుంటే పని జరిగిపోతుంది. ఉప్పు కాస్త ఎక్కువే ఉంటుంది, దాని ఉపాయం వంటలో చెప్తాను.

ఇక నాలుగున్నర మార్కుల కొట్టు. రాలీ నించి 70వ నంబరు హైవే పట్టుకుని తూర్పుకి పోతే ఊళ్ళు చిన్నవవుతాయి, పొలాలు మొదలవుతాయి. అక్కడొక ఊళ్ళో ఉంది. పేరు అడగొద్దు, శనివారం క్యూ ఇప్పటికే తలుపు దాటి కార్ల దాకా వస్తోంది. కారు దిగుతుండగానే చుట్టూ హికరీ కట్టె వాసన. లోపల పైనించి గుడ్డ సంచుల్లో కంట్రీ హామ్స్ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడలు) వేలాడుతుంటాయి, కింద అద్దాల కౌంటర్లో స్టీలు ట్రేలో హాక్స్. ప్యాకెట్లో వచ్చేవి నారింజ రంగు వేసినట్టు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఇవి అలా కాదు. ఒకటి ముదురు గోధుమ, పక్కది ఇంకా నల్లన, ఒక వైపు పొగ బాగా తగిలి రెండో వైపు తగలక వెలిసినట్టు. తోలు మీద కొక్కెం గుచ్చి వేలాడదీసిన చిల్లు ఉంటుంది. ట్రే అడుగున చుక్క నీరుండదు. వేలితో నొక్కితే తోలు ఎండి గట్టిగా తగులుతుంది, చేతికి జిగురు అంటదు. ఆ వేలు వాసన ఇంటికొచ్చేదాకా పోదు, స్టీరింగ్‌కి కూడా పట్టేస్తుంది.

కౌంటర్ వెనకాయన మనం ఎటువాళ్ళమైనా "హనీ" అనే పిలుస్తాడు. "ఆకుకూరకా, బీన్స్‌కా?" అని ముందు అడుగుతాడు. బీన్స్‌కంటే కండ ఉన్న పెద్దవి తీస్తాడు, ఆకుకూరకంటే తోలు బాగా నల్లబడ్డ చిన్నవి. తర్వాత "కోసివ్వనా?" అంటాడు. కోయించుకోండి. పూర్తి హాక్ ఒక్కొక్కటి పౌండు పైనే ఉంటుంది, మన కుక్కర్లలో అడ్డం తిరుగుతుంది. మిషన్ రంపం మీద అడ్డంగా మూడు ముక్కలు చేయిస్తే ఎముక లోపలి మూలుగ కూడా నీళ్ళలోకి దిగుతుంది. ఒక్కటే, రంపం పొడి ఎముక మీద అంటుకుని ఉంటుంది. ఇంటికి రాగానే పంపు కింద వేలితో రుద్ది కడగాలి, లేకపోతే రసంలో ఇసుకలాగా పంటికి తగులుతుంది.

ధర సూపర్‌మార్కెట్ కంటే పౌండుకి డాలర్ పైచిలుకు ఎక్కువ. కానీ ప్యాకెట్ హాక్స్ రెండు వేసినచోట ఇది ఒక్కటి చాలు, పైగా నీళ్ళకి డబ్బు కట్టడం లేదు. ఇబ్బందులు లేకపోలేదు. కార్డు మిషన్ ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చేయదు, క్యాష్ పెట్టుకెళ్ళండి. ఆదివారం మూత. మధ్యాహ్నం దాటితే మంచి ముక్కలుండవు. ఇక ఉప్పు. ఇక్కడి ఉప్పు ప్యాకెట్ అంత కాకపోయినా బీపీ ఉన్నవాళ్ళు నెలకొకసారి తిండిగా పెట్టుకుంటే మేలు. మా మామగారికి నేను గిన్నె కూడా చూపించను.

పచ్చి హాక్స్ కొరియన్ స్టోర్లలో, మెక్సికన్ మాంసం కొట్లలో దొరుకుతాయి, ధర తక్కువ. కొరియన్లు సోయా సాస్, అల్లం, వెల్లుల్లి వేసి గంటల తరబడి ఉడికించి జొక్‌బాల్ చేసుకునేది ఇలాంటి ముక్కలతోనే. మనకిది మామూలు పంది కూరకి బాగుంటుంది, అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాలు, మిరియాలు దట్టించి వండుకోవచ్చు. తోలు మీద అక్కడక్కడా వెంట్రుకలు మిగిలి ఉంటాయి. మేక కాళ్ళకి చేసినట్టే గ్యాస్ మంట మీద తిప్పుతూ కాల్చి కత్తితో గీకేయాలి. అయితే దీన్ని బొబ్బర్లలో వేసి అమెరికా దక్షిణాది వంట వచ్చిందనుకుంటే కుదరదు, పొగ లేదుగా అందులో. లండన్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఇదే గొడవ పడ్డాడు. అక్కడ గామన్ హాక్ అని ఉప్పులో ఊరినదే గానీ పొగబెట్టనిది కూడా అమ్ముతారు. అమెరికా రెసిపీ చేయాలంటే స్మోక్డ్ అని అడిగి తీసుకోవాలి.

వంటకి వద్దాం. పొగబెట్టారు కదా అని ఉడికిపోయిందనుకోవద్దు. ప్యాకెట్ మీద వండాకే తినాలని ఉంటే అది పచ్చి మాంసంతో సమానమే, చేతులూ పీటా కడుక్కోవాల్సిందే. ప్యాకెట్ హాక్స్ అయితే చన్నీళ్ళలో వేసి ఒక పొంగు వచ్చాక అయిదు నిమిషాలుంచి ఆ నీళ్ళు పారబోస్తాను. ఉప్పూ, పైన తేలే తెల్ల నురగా వాటితో పోతాయి. కొట్టు హాక్స్‌కి ఈ పని చేయకండి, పొగ కూడా సింక్‌లోకే పోతుంది. వాటిని కడిగితే చాలు.

రెండు పౌండ్ల హాక్స్‌కి మూడు లీటర్ల నీళ్ళు, సగానికి కోసిన ఉల్లిపాయ, పది పన్నెండు మిరియాలు, రెండు ఎండుమిర్చి, ఒక బే ఆకు. ఉప్పు వేయొద్దు. అల్లం వెల్లుల్లి ముద్ద వద్దు. గరం మసాలా అసలే వద్దు, కష్టపడి తెచ్చుకున్న పొగని లవంగం ఒక్కటే మింగేస్తుంది. మూత కొంచెం తెరిచి సన్నమంట మీద రెండున్నర నించి మూడు గంటలు. తెర్లనివ్వకూడదు, ఎక్కడో ఒక బుడగ లేస్తూ ఉండాలి. ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్) అయితే నీళ్ళు తగ్గించి, హై ప్రెషర్ మీద 50 నిమిషాలు పెట్టి, ఆవిరి దానంతట అదే దిగేదాకా ఆగండి. గరిటె అంచుతో నొక్కితే తోలు తెగాలి, చిన్న ఎముక పట్టకారతో లాగితే గుల్లగా ఊడి రావాలి. అప్పటికీ కండ గులాబీ రంగులోనే ఉంటుంది. ఉడకలేదేమో అని టెన్షన్ పడి ఇంకో గంట పెట్టకండి, ఆ రంగు నైట్రైట్‌ది.

గంట గడిచాక ఒకసారి రుచి చూడండి. ఉప్పెక్కువైతే వేడినీళ్ళు కలపడమే మందు. బంగాళాదుంప వేస్తే ఉప్పు లాగేస్తుందంటారు గానీ దుంప తాగే నీళ్ళెంతో అంత ఉప్పే పోతుంది, మిగతా రసం అలాగే ఉంటుంది. దుంప మాత్రం భలే రుచిగా ఉంటుంది, అందుకోసం వేసుకోండి.

కాలర్డ్స్‌కి ఈ రసంలో ముప్పావుగంట నించి గంట. ఆకుల మధ్య ఈనె లాగేసి, రెండు మూడు నీళ్ళు కడగాలి, ఇసుక బాగా ఉంటుంది. రాలీలో స్టేట్ ఫార్మర్స్ మార్కెట్‌కి వెళ్తే చలికాలంలో పెద్ద పెద్ద ఆకులతో దొరుకుతాయి. మంచు పడ్డాక కోసిన ఆకులో తీపి ఉంటుంది, మొదటి మంచు పడేదాకా మా ల్యాబ్ పెద్దావిడ కాలర్డ్స్ జోలికే పోరు. వడ్డించేటప్పుడు పైన మిరపకాయలు ఊరిన వెనిగర్ రెండు చుక్కలు చల్లుకుంటారు. ఆ చుక్క పడితేనే కొవ్వు విరుగుతుంది.

ఆ వెనిగర్ చూశాకే నాకు గోంగూర తట్టింది. పులుపు కావాలంటే మన పెరట్లో లేనిదేముంది? కేరీ, మోరిస్‌విల్ వైపు తెలుగువాళ్ళ పెరళ్ళలో ఎండాకాలమంతా గోంగూర మొక్క నడుమెత్తు పెరుగుతుంది, పక్కింటివాళ్ళకి పంచినా తరగదు. నేను చేసే పద్ధతి ఇది. హాక్స్ ఉడికాక తీసి పక్కన పెట్టుకుని, ఆ రసంలో బొబ్బర్లు వేస్తాను. ఇండియన్ స్టోర్ బొబ్బర్లయినా పర్వాలేదు, నానబెట్టక్కర్లేదు, ముప్పావుగంటలో మెత్తబడతాయి. ఈలోగా వేరే మూకుడులో గోంగూర, పచ్చిమిర్చి మగ్గించి గరిటెతో మెదుపుతాను. బొబ్బర్లు పూర్తిగా ఉడికాకే గోంగూర కలపాలి. ముందే కలిపితే పులుపుకి గింజ బిగుసుకుపోయి ఎంతసేపున్నా మెత్తబడదు. తర్వాత కండ చీల్చి వేసి, తోలు కింద కొవ్వు గీకేసి ఆ తోలుని సన్నగా తరిగి వేస్తాను. పిల్లలు తోలు ముక్కలు ఏరి నా కంచంలో పడేస్తారు, నాకు నష్టం లేదు.

పోపు చివర్లో. ముందురోజు రసం చల్లారాక పైన తెల్లగా పేరిన కొవ్వు ఒక చెంచా, దంచిన వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్ర. ఆవాలు వేసి చూశాను, చేదు తగిలింది, మానేశాను. వేడన్నంలో కలుపుకుంటే గోంగూర పులుపు ముందొస్తుంది, పొగ వెనకాల వచ్చి గొంతులో నిలుస్తుంది. మా ఆయన మొదట్లో ముక్క ముట్టేవాడు కాదు. రసం మాత్రం అన్నంలో పోసుకుని, "ముక్క తినలేదు కాబట్టి ఇది వెజ్జే" అని వాదించేవాడు. "అయితే శనివారం కూడా వడ్డించనా?" అన్నాను. ఆ తర్వాత వాదన మానేసి ముక్క తినడం మొదలుపెట్టాడు.

వాసన సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ చదివి వండినవాళ్ళు నన్ను తిట్టుకుంటారు. మూడు గంటలు ఉడికితే కర్టెన్లకి, కోట్లకి, హాల్లో సోఫాకి అన్నిటికీ పొగ పడుతుంది. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు ముందే ఆలోచించుకోండి. చేపల పులుసు కోసం గ్యారేజీలో పొయ్యి పెట్టుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, దీనికి కూడా అదే చోటు. ఇన్‌స్టంట్ పాట్ మూతకుండే సిలికాన్ రింగు వాసన పీల్చుకుని వదలదు, ఎంత తోమినా అంతే. మర్నాడు అందులోనే ముద్దపప్పు పెడితే పప్పు కూడా పంది వాసనే. కొన్ని డాలర్లకి ఇంకో రింగు కొని దీనికి విడిగా పెట్టుకోండి. అత్తగారు ఊరి నించి వచ్చే నెలల్లో నేను పాట్ మొత్తాన్నీ గ్యారేజీకి పంపేస్తాను.

మిగిలిన రసం మూడు నాలుగు రోజులకి మించి ఫ్రిజ్‌లో ఉంచకండి. చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెడితే క్యాబేజీ కూరకో, పెసరపప్పుకో ఒక్కో డబ్బా తీసుకోవచ్చు. వండని హాక్స్ కూడా విడివిడిగా చుట్టి ఫ్రీజ్ చేసుకోండి. ముద్దగా పెడితే ఒకటి కావాలన్నప్పుడు సుత్తి వెతుక్కోవాలి.

పంది తినని ఇంట్లో ఇదే రుచి కావాలంటే స్మోక్డ్ టర్కీ ఉంది. రెక్కలు, మెడ, కాళ్ళు అన్నీ అమ్ముతారు. ఇక్కడి నల్లజాతి ఇళ్ళలో కూడా ఆరోగ్యం కోసం టర్కీకి మారినవాళ్ళు చాలామంది. గంటన్నరలో ఉడుకుతుంది, పొగ బాగానే దిగుతుంది, గోంగూరతో నప్పుతుంది. రసం మాత్రం అంత చిక్కబడదు. చిక్కదనం కావాలంటే మెడ వదిలేసి రెక్కలు తీసుకోండి, వాటిలో తోలు ఎక్కువ.

ఆ చిన్న కొట్టుకి వెళ్ళదలిస్తే ఇంకొక్క మాట. నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ వారం నించి న్యూ ఇయర్ దాకా ముందే ఫోన్ చేసి పేరు రాయించుకోవాలి. జనవరి 1న బొబ్బర్లు వండని ఇల్లు ఆ చుట్టుపక్కల తక్కువ, అందరూ ఒకేసారి మీద పడతారు. డిసెంబర్ 30న తీరిగ్గా వెళ్తే ట్రేలో పొగబెట్టిన మెడ ఎముకలే మిగిలి ఉంటాయి. అవి కూడా బాగానే ఉంటాయి గానీ ఉప్పు ఇంకా ఎక్కువ, మొదటి నీళ్ళు తప్పకుండా పారబోయండి.